విరిగిన పళ్ళచక్రం

ఈ సంచికకు ఏదైనా రాసివ్వమని మన సంఘం వారు అడిగినప్పుడు యుద్ధం కథ ఏదీ నా దగ్గర లేదని చెప్పాను. నేను నౌకాదళంలో వైర్‌లెస్ సెట్లు బాగుచేసినవాణ్ణి. కానీ మా బీరువాలో ఒక అగ్గిపెట్టె ఉంది. అందులో మూడు ముక్కలైన ఒక తెల్లటి ప్లాస్టిక్ గేర్ ఉంది. దాని చరిత్రే రాస్తున్నాను.

2024లో శ్రీ విజయపురం అని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్, మా రోజుల్లో పోర్ట్ బ్లెయిరే. మూడు దళాలనూ ఒకే గొడుగు కిందికి తెచ్చిన అండమాన్ నికోబార్ కమాండ్ 2001లో ఏర్పడింది. అక్కడ ఉద్యోగం చేసినవారికి రెండు విషయాలు చెప్పనక్కరలేదు. ఒకటి, బజారుకెళితే శ్రీకాకుళం యాస వినబడుతుంది. రెండు, ఉప్పుగాలి దేన్నీ వదలదు. అక్కడ ఏడాదికి దాదాపు మూడు వేల మిల్లీమీటర్ల వాన పడుతుంది. పెట్టెలో పెట్టిన బూట్లకే బూజు పడుతుంటే పరికరాల సంగతి ఇక చెప్పాలా!

2004 డిసెంబరు 26 ఉదయం ఆరున్నరకు భూమి కంపించింది. ఆ తరువాత సముద్రం వచ్చింది. కార్ నికోబార్ వైమానిక స్థావరంలో మన సిబ్బందిని, వారి కుటుంబాలను ఎందరినో పోగొట్టుకున్నాం. టెలిఫోన్లు మూగబోయాయి. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున ఆ నెలలోనే పోర్ట్ బ్లెయిర్ వచ్చి ఉన్న భారతీ ప్రసాద్ గారి బృందం తమ హామ్ సెట్లతో సమాచారం అందించింది. ఆపద వేళ ఒక్క రేడియో సెట్టు విలువ ఎంతో ఆ రోజుల్లో అందరికీ తెలిసింది.

ఆ తరువాతి నెలల్లో మా వర్క్‌షాప్‌కు తడిసిన సెట్లు కుప్పలుగా వచ్చాయి. మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, పాడైన భాగాలు మార్చేవాళ్ళం. అయితే సెట్టు పలకగానే బాగయినట్టు కాదు. కొన్ని మైక్రోవోల్టుల సన్నటి సంకేతాన్ని కూడా రిసీవర్ పట్టుకోవాలి. అది తేల్చేది సిగ్నల్ జనరేటర్. మా దగ్గర ఉన్నది ఒక్కటే, 1970ల నాటి అమెరికా తయారీ. సరిగ్గా అప్పుడే దాని ట్యూనింగ్ నాబ్ తిప్పితే ముల్లు కదలడం మానేసింది. విప్పి చూస్తే లోపల గేర్ పగిలి ఉంది.

ఇది మా ఒక్కరి కష్టం కాదు. ఆ కాలపు హెచ్.పి. 8640బి సిగ్నల్ జనరేటర్ పేరు చెబితే ప్రపంచంలో ఎక్కడి మెకానిక్కయినా ముందు గుర్తొచ్చేది పగిలిన ప్లాస్టిక్ గేర్లే. మాది వేరే కంపెనీది, జబ్బు మాత్రం అదే. ప్లాస్టిక్ గేర్ తేలిక, చప్పుడు చేయదు, నూనె అడగదు. కానీ లోహపు ఇరుసు మీద బిగుతుగా ఎక్కించిన ప్లాస్టిక్ ఏళ్ళ తరబడి ఆ బిగువును మోస్తూ, కుంచించుకుంటూ, చివరికి ఒకనాడు పళ్ళ సందులో చీలిపోతుంది.

విడిభాగం కోసం రాస్తే, ఆ మోడల్‌కు ఇప్పుడు దొరకవనీ, పరికరాన్ని కండెమ్ చేయమనీ జవాబు వచ్చింది. కొత్తది ఎప్పుడొస్తుందో తెలియదు. పరీక్షించకుండా సెట్లు పంపేద్దామని ఒక మాట కూడా వచ్చింది. నాకు మనసొప్పలేదు. నికోబార్ వెళ్ళే పడవలో ఆ సెట్టును నమ్ముకుని మనుషులుంటారు.

లేత్ దగ్గర ఒక సివిలియన్ టర్నర్ ఉండేవారు, సోంపేట వైపు మనిషి. అందరం మేస్త్రిగారూ అనేవాళ్ళం. ముక్కలు ఆయన చేతిలో పెట్టి, "ఇత్తడిలో చేయగలరా మేస్త్రిగారూ?" అన్నాను. ముక్కలు కలిపి పళ్ళు లెక్కపెట్టారు, అరవై. బయటి వ్యాసం దాదాపు 32.8 మిల్లీమీటర్లు.

నేను తొందరపడ్డాను. అర మాడ్యూల్ అయి ఉంటుందని నిశ్చయించి, ఉన్న కట్టర్‌తో కోయించాను. చూడముచ్చటగా వచ్చింది. బిగిస్తే పక్క గేరుకు పళ్ళ కొసలు మాత్రమే తగిలి జారిపోయింది. మేస్త్రిగారు నవ్వలేదు. "బాబూ, ఇది మన మిల్లీమీటర్ల సరుకు కాదు. అంగుళాల సరుకు. ముందు నన్నడగాల్సింది" అన్నారు.

నిజమే. అమెరికా వాళ్ళ లెక్క డయామెట్రల్ పిచ్, అంటే ఒక అంగుళం వ్యాసానికి ఎన్ని పళ్ళు అని. మాది 48. దాన్ని మాడ్యూల్లోకి మారిస్తే, 25.4ను 48తో భాగిస్తే, 0.529 వస్తుంది. సగానికీ దానికీ తేడా వెంట్రుకంత. కానీ అరవై పళ్ళకు పిచ్ వ్యాసంలో 30కి బదులు 31.75 మిల్లీమీటర్లు రావాలి. బయటి వ్యాసాన్ని 62తో భాగించి ఉంటే మొదటి రోజే తెలిసేది.

48 పిచ్ కట్టర్ దీవుల్లో దొరకలేదు. మేస్త్రిగారు పాత టూల్ బిట్‌ను గ్రైండర్ మీద అరగదీశారు. పక్కనున్న మంచి గేర్ పళ్ళ సందులో పెట్టి, భూతద్దంలో వెలుతురు కనబడకుండా చూసుకుంటూ ఒంటిపంటి కట్టర్ తయారుచేశారు. ఇండెక్సింగ్ హెడ్ హ్యాండిల్ 40 చుట్లు తిరిగితే పని ఒక చుట్టు తిరుగుతుంది. అరవై పళ్ళకు ఒక్కో పంటికి మూడింట రెండొంతుల చుట్టు, అంటే 18 రంధ్రాల వరుసలో 12 రంధ్రాలు. ఒక్కటి తప్పినా ముక్క వృథా. ఆయన కోస్తుంటే నేను పక్కన నిలబడి లెక్క పెట్టాను. మధ్యలో ఎవరు పిలిచినా పలకలేదు.

ఈసారి ఇరుసుకు బిగుతుగా ఎక్కించకుండా, చిన్న స్క్రూతో నిలిపాం. ఒక చుక్క నూనె వేశాం. ముల్లు కదిలింది. ప్రతి బ్యాండులోనూ ఫ్రీక్వెన్సీ కౌంటర్‌తో సరిచూసుకున్నాకే సెట్ల పరీక్ష మొదలుపెట్టాం. పలుకుతున్నాయని పక్కన పెట్టిన వాటిలో రెండు సెట్లు చెవిటివని అప్పుడు తేలింది. అవి అలాగే వెళ్ళి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదలదు.

గ్రీసు దేశంలో ఆంటికితెరా అనే దీవి దగ్గర మునిగిన ఓడ నుంచి 1901లో ఒక యంత్రం బయటపడింది. రెండు వేల ఏళ్ళు సముద్రంలో నానినా, దానిలోని ముప్ఫై కంచు పళ్ళచక్రాలను నేటికీ గుర్తుపట్టవచ్చు. ఆ సంగతి చదివినప్పుడు నాకు మా ఇత్తడి గేరే గుర్తొచ్చింది. దాన్ని చేసిన చేయి కూడా గుర్తొచ్చింది.

మన దళాల చరిత్రలో ఓడల పేర్లు, యుద్ధాల తేదీలు ఉంటాయి, ఉండాలి. మేస్త్రిగారి లాంటి వాళ్ళ పని మాత్రం ఏ రిజిస్టరులోనూ ఉండదు. మీలో ఎవరి దగ్గరైనా ఇలాంటి అగ్గిపెట్టె ఉంటే, దాని కథ వచ్చే సంచికకు రాయండి.

జై హింద్.