రిపోర్టులన్నీ నార్మల్, అయినా కడుపు ఉబ్బరం: అండమాన్ తెలుగువారు ‘సిబో’ గురించి తెలుసుకోవాల్సింది ఏమిటి?

తిన్న కాసేపటికే పొట్ట ఉబ్బిపోతుంది. ఒకరోజు విరేచనాలు, మరోరోజు మలబద్ధకం. ఎండోస్కోపీ, స్కానింగ్, రక్తపరీక్షల్లో మాత్రం ఏమీ కనిపించదు. పేగు నిర్మాణంలో లోపం లేకుండా దాని పనితీరు, నాడుల స్పందన దెబ్బతింటే వచ్చే ఇలాంటి ఇబ్బందులను ఫంక్షనల్ జీర్ణ రుగ్మతలు అంటారు. వీటిలో ఎక్కువగా వినిపించేది ఐబీఎస్. దీన్ని పోలి ఉండేదే చిన్నపేగులో బ్యాక్టీరియా అతిగా పెరిగే ‘సిబో’.

ఈ రెంటినీ విడదీయడం పెద్ద నగరాల్లోనే కష్టం. అండమాన్ నికోబార్ దీవుల్లో ఆ కష్టానికి సముద్రం కూడా తోడవుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ 13 శాతానికి పైగా జనం మాతృభాష తెలుగు. వారిలో చాలామంది మూలాలు ఉత్తరాంధ్రలో ఉన్నాయి. దీవుల ప్రధాన ప్రభుత్వాసుపత్రి జీబీ పంత్ రాజధానిలో ఉంది (పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు). అక్కడ తేలని సమస్యకు చెన్నైకో, విశాఖకో వెళ్లాలంటే ఓడలో మూడు రోజుల దాకా పడుతుంది.

చిన్నపేగులో ఏం జరుగుతుంది?

పెద్దపేగు బ్యాక్టీరియాకు సొంతిల్లు లాంటిది. చిన్నపేగులో మాత్రం అవి తక్కువగా ఉండాలి. జీర్ణాశయంలోని ఆమ్లం వాటిని చంపుతుంది. ఖాళీ కడుపున గంటన్నర, రెండు గంటలకోసారి వచ్చే కదలికల అల మిగిలినవాటిని కిందికి ఊడ్చేస్తుంది. మధుమేహం వల్ల నాడులు దెబ్బతిన్నా, పాత ఆపరేషన్ వల్లో పేగు క్షయ వల్లో దారి ఇరుకైనా ఈ ఊడ్పు సరిగా సాగదు. మనవాళ్లు ‘గ్యాస్ మాత్ర’ అంటూ నెలల తరబడి మింగే పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ ఆమ్లాన్ని తగ్గిస్తాయి కాబట్టి, అవి కూడా సిబో ముప్పును పెంచుతాయని పరిశోధనలు సూచిస్తున్నాయి.

పెరిగిన బ్యాక్టీరియా విటమిన్ బీ12ను తినేసి, ఫోలేట్‌ను తయారు చేస్తుంది. అందుకే బీ12 తక్కువగా, ఫోలేట్ ఎక్కువగా ఉంటే వైద్యులు సిబోను అనుమానిస్తారు.

దీవుల్లో మరో కోణం కూడా ఉంది. రక్త విరేచనాలు కలిగించే షిగెల్లాలో పలు మందులకు లొంగని రకాలను అక్కడి ఐసీఎంఆర్ పరిశోధన కేంద్రం గుర్తించింది. పేగు ఇన్ఫెక్షన్ తగ్గాక దాదాపు పది మందిలో ఒకరికి ఐబీఎస్ లక్షణాలు మిగిలిపోతాయి. అంటే ‘ఎప్పుడో తగ్గిపోయిన విరేచనాల’ గురించి కూడా వైద్యుడికి చెప్పాలి. విరేచనాలు కాగానే మందుల షాపులో యాంటీబయాటిక్ కొని మింగే అలవాటు రెండు విధాలా చేటు చేస్తుంది: మొండి బ్యాక్టీరియా పెరుగుతుంది, తర్వాత చేసే పరీక్ష కూడా తప్పుదారి పడుతుంది.

పరీక్షను ఎంత నమ్మవచ్చు?

మన కణాలు హైడ్రోజన్‌ను తయారు చేయవు, సూక్ష్మజీవులే చేస్తాయి. బ్రెత్ టెస్ట్‌కు ఆధారం ఇదే. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి, ఊపిరిలో హైడ్రోజన్ 90 నిమిషాల్లోపు 20 పీపీఎం పెరిగితే సిబో ఉన్నట్టు లెక్క. గ్లూకోజ్‌కు బదులు లాక్టులోజ్ ఇస్తే, పేగు కదలిక వేగంగా ఉన్నవారిలో అది ముందే పెద్దపేగుకు చేరి, లేని సిబోను ఉన్నట్టు చూపవచ్చు. గ్లూకోజ్ పైభాగంలోనే ఇంకిపోతుంది కాబట్టి దిగువన ఉన్న సిబో దొరకకపోవచ్చు. ఒక్క అంకె చూసి తీర్పు చెప్పడం సరికాదు.

సముద్రం దాటి పరీక్షకు వెళ్లేవారు ముందే తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. అంతకుముందు నాలుగు వారాలు యాంటీబయాటిక్ వాడకూడదు, వారం పాటు విరేచనం మందు తీసుకోకూడదు, పరీక్షకు ముందు 8 నుంచి 12 గంటలు ఉపవాసం ఉండాలి. ప్రయాణానికి వారం ముందు యాంటీబయాటిక్ కోర్సు వేసుకుంటే ఆ ఖర్చంతా వృథా. వాడుతున్న మందును మాత్రం వైద్యుణ్ని అడిగే ఆపాలి.

ఐబీఎస్ నిర్ధారణకు యంత్రం అక్కర్లేదు. 2016 నాటి రోమ్-4 ప్రమాణాల ప్రకారం గత మూడు నెలల్లో వారానికి కనీసం ఒకరోజు కడుపునొప్పి ఉండాలి, అది మలవిసర్జనతోనో, దాని మార్పులతోనో ముడిపడి ఉండాలి. మన దగ్గర చాలామంది నొప్పి అనరు, ఉబ్బరం అంటారు. ఈ ప్రమాణాలు ఆసియా రోగులను వదిలేస్తున్నాయన్న విమర్శ అందుకే వచ్చింది, అందులో నిజముంది.

బరువు తగ్గడం, మలంలో రక్తం, రక్తహీనత, నిద్రలేపే విరేచనాలు, 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన లక్షణాలు ఉంటే ‘గ్యాస్’ అని సరిపెట్టుకోకూడదు. 1960ల తొలినాళ్లలో వేలూరు పరిసర పల్లెల్లో ట్రాపికల్ స్ప్రూ ప్రబలినప్పుడు వేలూరు సీఎంసీ వైద్యులు దాన్ని అధ్యయనం చేశారు. పోషకాలు ఒంటికి పట్టకుండా చేసే ఈ వ్యాధిని టెట్రాసైక్లిన్, ఫోలిక్ ఆమ్లంతో నయం చేయవచ్చు.

ఆహారం విషయానికొస్తే దీవుల వారికి కొంత వెసులుబాటు ఉంది. గ్యాస్ పెంచే పిండిపదార్థాలు అన్నం, చేపల్లో దాదాపు ఉండవు. ఉల్లి, వెల్లుల్లి, పప్పులు, గోధుమ, పాలను నాలుగు నుంచి ఆరు వారాలు తగ్గించి, తర్వాత ఒక్కొక్కటిగా తిరిగి మొదలుపెట్టి ఏది పడటం లేదో చూసుకోవాలి. ఏళ్ల తరబడి మానేస్తే పోషకాల లోపం వస్తుంది.

సిబోకు వైద్యులు తరచూ రాసేది రిఫాక్సిమిన్. అయితే ఇటలీలో జరిగిన ఒక అధ్యయనంలో ఈ మందుతో తగ్గినవారిలో దాదాపు 44 శాతం మందికి తొమ్మిది నెలల్లో సిబో తిరిగొచ్చింది. రెండోసారి అదే కోర్సు మొదలుపెట్టే ముందు షుగర్, థైరాయిడ్, పాత ఆపరేషన్లు, రోజూ వేసుకునే ఆ గ్యాస్ మాత్ర గురించి వైద్యుడితో మాట్లాడాలి.