మంటొక దారి, వేడొక దారి

కనగానపల్లిలో ఇల్లు కట్టుకుంటున్న మా చిన్నాన్న కొడుకు నెల కిందట ఫోన్ చేశాడు. గోడలు లేచాయి, కరెంటు పైపులు వేసే రోజులు. "అన్నా, హాల్లో టీవీ కింద గోడలో మంట పెట్టిస్తాండా" అన్నాడు. కట్టెల పొయ్యి ఏమిరా హాల్లో అంటే, "కట్టెలది కాదన్నా, కరెంటుది. బెంగుళూర్లో ఒకరింట్లో చూసినా. వేడి వద్దనుకుంటే మంట ఒక్కటే ఎలుగుతాది" అన్నాడు.

ఆ చివరి మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. వేడి లేని మంట! మా అవ్వ బతికుంటే దాన్ని దయ్యాల మంట అనేది. ఆమెకు నిప్పంటే వెలుగూ వేడీ పొగా మూడూ కలిసిన ముద్ద. మనిషి ఆ ముద్దలోంచి ముందు పొగను, తర్వాత మంటను విడదీశాడు. చివరికి మంట మీద బెంగ పుట్టి, దాన్ని వేరే దారిన మళ్ళీ తెచ్చి పెట్టుకున్నాడు. ఎలక్ట్రిక్ ఫైర్‌ప్లేస్ పుట్టుక అంతా ఇదే.

మన ఇళ్ళ గోడల్లో దీపానికి గూడు ఉండేది కానీ మంటకు గూడు లేదు. ఆ అవసరమూ రాలేదు. మనకు కుంపటి ఉంది. మట్టిదో ఇనుపదో, నాలుగు బొగ్గులు వేసి రాజేస్తే, అవసరం ఉన్న చోటికి దాన్నే మోసుకుపోవచ్చు. తెల్లవాళ్ళ ఇళ్ళలో మనుషులు మంట దగ్గరికి వెళ్ళి కూర్చునేవారు. మన ఇళ్ళలో నిప్పే మనిషి దగ్గరికి వచ్చేది. బాలింత మంచం కింద కుంపటి, పసిబిడ్డ నీళ్ళు పోసుకున్నాక సాంబ్రాణికి కుంపటి, కంసాలి ముందర ఊదుగొట్టంతో పాటు కుంపటి. అన్నదమ్ములు విడిపోతే వేరు కుంపటి పెట్టుకున్నారనే అంటాం. ఇల్లు అన్న మాటకు కుంపటి అన్న మాట సరిపోయిందంటే దాని స్థానం ఏమిటో తెలుస్తుంది. తన కోడి కూయకపోతే, తన కుంపటి లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ కథ అందరికీ తెలిసిందే. ఆ కథ విని నవ్వుకుంటాం గానీ, అందులో ఒక నిజమైన ఊరు ఉంది. అగ్గిపెట్టె లేని రోజుల్లో ఊరంతా ఒకరి కుంపటి నుంచే నిప్పు తెచ్చుకుని పొయ్యిలు రాజేసుకునేది.

కుంపటికి ఒక చెడ్డ గుణం ఉంది. మూసిన గదిలో బొగ్గులు సరిగా గాలి అందక మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. నిద్రపోతున్న మనిషి నిద్రలోనే పోతాడు. కిటికీలకు సందులూ తలుపులకు కంతలూ ఉన్న పాత ఇళ్ళు మనల్ని కాపాడాయి. అద్దాల కిటికీలు బిగించుకున్న కొత్త ఇళ్ళలో ఆ రక్షణ లేదు. చలికాలం వచ్చిందంటే దేశంలో ఏదో ఒక మూల నుంచి ఇలాంటి వార్త వస్తూనే ఉంటుంది. పడకగదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపు వేసుకోవద్దని కనపడిన వాళ్ళందరికీ చెబుతుంటాను.

చలిదేశాల్లో ఈ పొగకు విరుగుడుగా గోడలోనే పొయ్యి కట్టి, పైకి పొగగొట్టం లేపారు. పొగ పోయింది, దాంతో పాటు వేడిలో ఎక్కువ భాగం కూడా పోయింది. కౌంట్ రమ్‌ఫర్డ్‌గా పేరుపొందిన బెంజమిన్ థాంప్సన్ 1796లో దీని మీద ఒక వ్యాసం రాశాడు. పొయ్యి లోతు తగ్గించాలి, పక్క గోడలు ఏటవాలుగా కట్టాలి, గొట్టం గొంతు ఇరుకు చేయాలి అన్నాడు. లండన్ ఇళ్ళ పొయ్యిలు ఆ లెక్కన మార్పించుకున్నారు. ఆ పొయ్యిలే ఆంగ్లేయులతో పాటు బెంగుళూరు కంటోన్మెంటు బంగళాల్లోకి వచ్చాయి. కనగానపల్లి నుంచి అక్కడికి మూడు, మూడున్నర గంటల దారి.

వేడిని మంట నుంచి విడదీసే సూత్రం 1841లోనే దొరికింది. తీగలో కరెంటు పారితే ఎంత వేడి పుడుతుందో జేమ్స్ జూల్ లెక్క కట్టాడు. లెక్క దొరికినా తగిన తీగ దొరకలేదు. ఎర్రగా కాగిన తీగ గాలి తగిలితే కొద్ది రోజుల్లోనే తుప్పుబట్టి తెగిపోయేది. 1892లో ఇంగ్లండులో క్రాంప్టన్, డౌసింగ్ అనే ఇద్దరు ఇనుప పలక మీద ఎనామిల్ పూతలో తీగను పొదిగి చూశారు. గాలి తగలదు కదా అని వాళ్ళ ఆలోచన. వేడెక్కినప్పుడు ఇనుము ఒక తీరుగా, ఎనామిల్ ఒక తీరుగా సాగి పలకలు పగిలేవి. ఈ క్రాంప్టన్ మనకు మరీ పరాయివాడేమీ కాదు. 1860లలో సైన్యంలో చేరి ఇండియాకు వచ్చి, ఇక్కడి రోడ్ల మీద ఆవిరి బండ్లు నడిపించే ప్రయత్నం చేసినవాడు. మన ఇళ్ళలో ఫ్యాన్ల మీద కనిపించే పేరు అతనిదే.

తగిన తీగ 1905లో అమెరికాలో దొరికింది. ఆల్బర్ట్ మార్ష్ 80 పాళ్ళు నికెల్, 20 పాళ్ళు క్రోమియం కలిపి నైక్రోమ్ తయారుచేశాడు. ఇది కాగినప్పుడు పైన క్రోమియం ఆక్సైడ్ పొర సన్నగా ఏర్పడుతుంది. ఆ పొరే లోపలి లోహానికి కవచం. ఇస్త్రీపెట్టె, నీళ్ళ హీటరు, బ్రెడ్డు కాల్చే పెట్టె అన్నీ ఈ తీగ బిడ్డలే. 1912లో చార్లెస్ బెల్లింగ్ లండన్ పక్కనున్న ఎన్‌ఫీల్డ్‌లో ఈ తీగను కాల్చిన మట్టి పట్టీలకు చుట్టి గది హీటరు చేశాడు. మట్టి కుంపటిలో బొగ్గు ఉండే చోట తీగ వచ్చి కూర్చుంది.

వేడి దొరికింది, పొగ పోయింది, బూడిద ఎత్తే పని లేదు. ఇంగ్లండు జనానికి తృప్తి మాత్రం కలగలేదు. ఎర్రటి తీగ ముందు కూర్చుని కబుర్లు చెప్పుకోబుద్ధి కాలేదు. మంట కదలాలి, నీడలు ఆడాలి. బెరీ అనే తయారీదారు 1920ల నాటికి "మ్యాజికోల్" పేరుతో దానికి ఉపాయం అమ్మకానికి పెట్టాడు. బొగ్గు ముక్కల్లా చేసిన రంగుల కుప్ప, కింద ఒక బల్బు, బల్బు మీద సన్నటి రేకు చక్రం. బల్బు వేడికి గాలి పైకి లేస్తే చక్రం తిరుగుతుంది, దాని నీడలు బొగ్గుల్లో మిణుకుమంటాయి. హీటరు ఆపినా ఈ ఆట ఆగదు. మా తమ్ముడు బెంగుళూర్లో చూసి మురిసిన సంగతి వందేళ్ళ నాటిదన్నమాట.

1952 డిసెంబరులో లండన్ మీద ఐదు రోజులు బొగ్గు పొగ కమ్ముకుని నాలుగు వేల మంది దాకా చనిపోయారని అప్పటి లెక్క. 1956లో స్వచ్ఛమైన గాలి చట్టం వచ్చింది. పొగ బొగ్గుల పొయ్యిలు మూతబడుతుంటే, ఆ ఖాళీ గూళ్ళలోకి కరెంటు మంటలు చేరాయి. ఖాళీ గూడు ఉన్నవాళ్ళు అందులో ఏదో పెట్టుకున్నారు, అర్థం ఉంది. గూడే లేని కనగానపల్లికి ఇదెందుకు అని నన్ను నేను అడిగాను.

జవాబు పట్టుపురుగుల షెడ్డులో దొరికింది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల మల్బరీ పెంచే రైతులను ఎవరిని కదిపినా చలికాలం సంగతి చెబుతారు. గుడ్డు పగిలి బయటపడిన మొదటి రెండు దశల పురుగును చాకీ అంటారు. దానికి 26 నుంచి 28 డిగ్రీల వేడి, గాలిలో 80 నుంచి 90 శాతం తేమ ఉండాలి. పురుగు పెరిగే కొద్దీ వేడి కొంచెం తగ్గించవచ్చు. ఇరవై ఐదు రోజుల్లో దాని బరువు పదివేల రెట్లవుతుంది. ఆ వేగంలో ఒక్క రాత్రి గది చల్లబడినా మేత మందగిస్తుంది, జ్వరాలు ముందూ వెనకా అవుతాయి. జ్వరమంటే జబ్బు కాదు, పాత చర్మం విడిచేముందు పురుగు పడుకునే నిద్రను రైతులు అలా అంటారు. కొన్ని లేచి, కొన్ని పడుకుని ఉంటే మేత ఎప్పుడు వేయాలో తెలియదు. పంట దెబ్బతింటుంది.

అందుకని చలి రాత్రుల్లో షెడ్డులో కుంపట్లు పెట్టేవాళ్ళు. బొగ్గును బయటే బాగా రాజేసి, పొగ పూర్తిగా పోయాక లోపలికి తెచ్చేవాళ్ళు. పొగ తగిలితే పురుగు బతకదు. కుంపటి గాలిని ఎండబెడుతుంది కాబట్టి పక్కనే నీళ్ళ పళ్ళెం. రాత్రి రెండు గంటలకు లేచి బొగ్గులు ఎగదోయడం, మళ్ళీ నాలుగింటికి లేవడం. పసిబిడ్డ ఉన్న ఇంట్లో నిద్ర ఎలాంటిదో అలాంటి నిద్ర. ఆ నిద్ర మిగిల్చింది కరెంటు హీటరు. థర్మోస్టాట్ ఉన్నది పెడితే అనుకున్న వేడి రాగానే తనంతట తాను ఆగుతుంది, చల్లబడితే మళ్ళీ వెలుగుతుంది. చాకీ కేంద్రాలు వచ్చాక లేత పురుగును ఒక్కచోట వేడి, తేమ కొలిచి పెంచి రైతులకు ఇస్తున్నారు. మంట ముచ్చట తెలియని హీటర్లివి. గదిలో ఒక మూల మౌనంగా కూర్చుని పురుగు ప్రాణం కాపాడతాయి. ధర్మవరం చీరలో పట్టు మెరుపు వెనుక ఈ చలి రాత్రుల వేడి కూడా ఉంది.

అందుకే తమ్ముడికి ముందుగా చెప్పింది ఇదే: నువ్వు కొంటున్నది రెండు వస్తువులు, రెండింటినీ విడివిడిగా ఎంచుకో. మంట సంగతి వేరు, వేడి సంగతి వేరు.

వేడి విషయంలో కంపెనీల మాటలకు లోబడనక్కరలేదు. 1500 వాట్ల ఫైర్‌ప్లేస్, 1500 వాట్ల మామూలు హీటరు ఇచ్చే వేడి ఒకటే. గంటకు ఒకటిన్నర యూనిట్లు. రాత్రికి నాలుగు గంటలు వేస్తే ఆరు యూనిట్లు, నెలకు 180. శ్లాబు దాటితే బిల్లు ఎలా ఎగబాకుతుందో అందరికీ తెలుసు. మన చలికి సగం వేడి చాలు కాబట్టి 750, 1500 అని రెండు మెట్లు, థర్మోస్టాట్ ఉన్నదే మేలు. పల్లెల్లో సాయంత్రం వోల్టేజి పడిపోతుంది. 230 ఉండాల్సింది 180 అయితే తీగతో పనిచేసే హీటరులో వేడి తగ్గేది ఐదో వంతు కాదు, దాదాపు ఐదింట రెండు వంతులు. 1500 వాట్లది 920 వాట్లే ఇస్తుంది. హీటరు చెడిపోయిందని కంగారు పడి మెకానిక్‌ను పిలిచేవాళ్ళను చూశాను.

మంట విషయంలో ఇప్పుడు రెండు దారులున్నాయి. ఎల్‌ఈడీ వెలుగును తిరిగే అద్దపు రేకుల మీద పడేసి తెర మీద మంటలా చూపించేది ఒకటి. నీటిని సన్నని మంచులా చిమ్మి దాని మీద వెలుగు పడేసేది రెండోది. రెండోది చూడటానికి నిజం మంటే, చేతితో తాకబుద్ధేస్తుంది. కానీ మా జిల్లా బోరు నీళ్ళు దానికి పడవు. బిందెల అడుగున, గీజర్లలో పేరుకునే సున్నమే అందులోనూ పేరుకుంటుంది. శుద్ధి చేసిన నీళ్ళు కొని పోయాలి. తాగడానికి మంచినీళ్ళ కోసం ఇన్నేళ్ళు ఎదురుచూసిన సీమలో మంటకు మంచినీళ్ళు పోయడం నా మనసుకు నచ్చలేదు, ఆ మాటే చెప్పాను. తమ్ముడు ఎల్‌ఈడీదే తీసుకున్నాడు. హీటరు ఆపి మంట ఒక్కటే వేస్తే ఒక బల్బు ఖర్చే.

బిగించే పని గోడ దశలోనే తేల్చుకోవాలి. గోడలో దూర్చే రకానికి ఐదారు అంగుళాల లోతు కావాలి. నాలుగున్నర అంగుళాల అడ్డుగోడ చాలదు, తొమ్మిది అంగుళాల గోడలో ముందే గూడు వదలాలి, పైన చిన్న లింటెల్ పడాలి. పైన టీవీ ఉంది కాబట్టి వేడిగాలి పై నుంచి కాక ముందు నుంచి వచ్చే రకం చూడాలి. పరదాలకూ సోఫాకూ మూడడుగుల దూరం ఉండాలి. 1500 వాట్లకు ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది, అందుకని చిన్న ప్లగ్గు పనికిరాదు. 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు, బోర్డు నుంచి నేరుగా 2.5 స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరు, దానికి వేరే ఎంసీబీ. ఎక్స్‌టెన్షన్ బాక్సు జోలికే పోకూడదు. పెట్టె మీద ఐఎస్ఐ గుర్తు చూడాలి.

అన్నిటికన్నా ఎర్తింగ్ గురించి ఎక్కువసేపు మాట్లాడాను. వాన తక్కువ నేల, ఎర్రమట్టి, ఎండాకాలం వచ్చిందంటే తేమ ఆనవాలు ఉండదు. తేమ లేని నేల కరెంటును లోపలికి తీసుకోదు. తప్పు జరిగిన రోజున ఎర్తు పనిచేయకపోతే హీటరు ఒళ్ళు ముట్టుకున్న పిల్లవాడే ఎర్తు అవుతాడు. కాబట్టి ఎర్తు గుంత లోతుగా తీయించమన్నాను, ఎండాకాలంలో వారానికోసారి అందులో బిందెడు నీళ్ళు పోయమన్నాను.

మొన్న వెళ్ళేసరికి ఎలక్ట్రీషియన్ ఇంటి వెనక గుంత తవ్వించి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. రాగి పలక, పైపు పక్కన పెట్టుకున్నాడు. నన్ను చూసి లేచి, "గుంతలోకి ఉప్పు మూట తెచ్చినాం సార్, బొగ్గులే కావాల. పాత ఇంట్లో యాడన్నా ఉంటాయేమో సూస్తారా" అన్నాడు. తమ్ముడు పాత ఇంటి అటక ఎక్కి, మా అవ్వ కుంపటి పక్కనున్న బొగ్గుల సంచి దించుకొచ్చాడు.