పుట్టగొడుగుల సీసాకు ఎంత వయసు?

పుట్టగొడుగు అనే మాటలోనే దాని ఊరు ఉంది, పుట్ట. తొలకరి పడితే మా డోన్ చుట్టుపక్కల చేలగట్ల మీద చెదలపుట్టల్లోంచి లేచే గొడుగు అది. చెదలు పుట్ట లోపల ఒకరకం బూజును పెంచుకుంటాయి. తేమ తగిలినప్పుడు అదే గొడుగై పైకొస్తుంది. చెదల చలువ లేకుండా తోటలో దీన్ని పండించడం ఇప్పటికీ సాగలేదు. మన ఇళ్లలో ఇది కూర. మనుస్మృతి మాత్రం ఉల్లి, వెల్లుల్లితో పాటు దీన్నీ ద్విజులు తినకూడనివాటిలో చేర్చింది. (ఆ రెండూ మానేసి వండమంటే సీమ ఇల్లాలు పొయ్యి ఆర్పేయాల్సిందే!)

కరోనా తర్వాత ఇమ్యూనిటీ పేరుతో ఇంటింటికీ చేరిన సీసాల్లోది ఇది కాదు. చైనాలో లింగ్‌జీ, జపానులో రీషీ అంటారు. కట్టెలా గట్టిగా, చేదుగా ఉంటుంది, కూరకు పనికిరాదు. "వేల ఏండ్ల నాటి మందు" అని అమ్ముతారు. సుమారు రెండువేల ఏండ్ల కిందటి షెన్నోంగ్ మందుల గ్రంథంలో దీని పేరున్న మాట నిజమే, ఆయుష్షు పెంచే వాటిలో రాశారు. అయితే అడవిలో ఎక్కడో ఒకటి దొరికేది, రోజూ మింగేంత ఎవరికుంటుంది? 1970లలో జపానులో సాగు కుదిరాకే అది విరివిగా దొరికింది. గ్రంథం పాతదే, సీసాది మాత్రం ఇంచుమించు నా ఈడు.

జపానువాళ్లే ఇంకో రకం పుట్టగొడుగు నుంచి తీసిన క్రెస్టిన్‌ను 1977లో, షీటాకే నుంచి తీసిన లెంటినాన్‌ను 1985లో మందులుగా అనుమతించారు. లెంటినాన్ సూదిమందు. రెండూ క్యాన్సర్ రోగులకు, అసలు చికిత్సకు తోడుగా ఇచ్చినవే. చికిత్స మాన్పించి ఇచ్చినవి కావు.

నేను ఇదంతా చదవడానికి కారణం మా అత్తమ్మ. "ఇది మింగితే షుగరు మాత్రలు అక్కర్లేదు" అని ఎవరో చెబితే నాలుగు రోజులు మానేసింది. గుండెజబ్బు ముప్పు విషయంలో రీషీ మీద జరిగిన పరీక్షలను 2015లో కోక్రేన్ సంస్థ జల్లెడ పట్టింది. షుగరున్నవాళ్లకు గుండెజబ్బు ముప్పు తగ్గించడానికి దీన్ని వాడమనేంత ఆధారం దొరకలేదని తేల్చింది.

మన ఆహార భద్రతా సంస్థ 2016 నియమాల ప్రకారం ఇలాంటి సీసాల మీద "మందుగా వాడేందుకు కాదు" అని అచ్చువేయాలి. మా ఇంటికొచ్చిన దాని మీదా ఉంది, ఇంగ్లీషులో. అత్తమ్మకు చెప్పినవాళ్లు చెప్పింది తెలుగులో.