చేపలాట చుట్టం

మా పిల్లలు ఇక్కడి బడిలో నేర్చుకొచ్చిన మొదటి పేకాట ‘గో ఫిష్’. ‘నీ దగ్గర రాజులున్నాయా?’ అని అడగాలి. ఉంటే ఇచ్చేయాలి; లేకపోతే ‘పో, చేప పట్టుకో’ అంటారు. అప్పుడు మధ్యలో పరచిన ముక్కల్లోంచి ఒకటి తీసుకోవాలి. ఒకే రకం నాలుగూ చేరితే ‘బుక్’ అయినట్టు.

ఈ ఆటకు దగ్గరి చుట్టం ‘ఆథర్స్’. 1861లో మసాచుసెట్స్ రాష్ట్రం సేలం ఊళ్ళో అచ్చయింది. ఆ రోజుల్లో అక్కడి భక్తుల ఇళ్ళలోనూ, మన పెద్దల ఇళ్ళలో లాగే, పేకముక్కలంటే జూదమే. రాజు, రాణి బొమ్మల బదులు రచయితల పేర్లూ వాళ్ళ పుస్తకాల పేర్లూ వేసేసరికి, ఆట కాస్తా చదువైపోయింది! డికెన్స్, లాంగ్‌ఫెలోల పేర్లు పిల్లల నోళ్ళలో నానాయి.

కంప్యూటర్లతో పొట్టపోసుకునే నాకు లెక్క తేలికే: 13 మంది రచయితలు, నాలుగేసి పుస్తకాలు, 52 ముక్కలు. ‘మహాప్రస్థానం’, ‘ఖడ్గసృష్టి’, ‘మరో ప్రస్థానం’, ‘అనంతం’ చేరితే శ్రీశ్రీ కట్ట పూర్తి. వారాంతపు బడుల్లో మన పిల్లలకు అక్షరాలు నేర్పుతున్నాం. వాటితో రాసినవాళ్ళ పేర్లు మాత్రం వాళ్ళ చెవిన పడటం లేదు. ‘తాతయ్యా, మీ దగ్గర గురజాడ ఉన్నారా?’ అని మనవరాలు అడిగే రోజు రావాలి. ‘లేరు’ అనే జవాబు ఆటలోనే ఉండాలి, మన ఇళ్ళలో కాదు.