120 చదరపు అడుగుల ఫ్యాక్టరీ

హాంకాంగ్ చరిత్రలో నల్లమందు యుద్ధాల కన్నా, 1997 అప్పగింత కన్నా నన్ను ఎక్కువసేపు ఆపేసింది ఒక గది. 120 చదరపు అడుగులు. ఐదుగురు పెద్దవాళ్లకి సరిపోతుందని లెక్క. పిల్లలైతే సగం మనిషి కింద జమ. నెలకి 14 హాంకాంగ్ డాలర్ల అద్దె. వంటగది లేదు, గది బయట వరండాలో వండుకోవాలి. కుళాయిలూ మరుగుదొడ్లూ ఉమ్మడివే.

ఆ గది మంటల్లోంచి పుట్టింది. 1953 క్రిస్మస్ రాత్రి షెక్ కిప్ మే గుడిసెలు తగలబడి యాభై వేలమందికి పైగా రోడ్డున పడ్డారు. చాలామంది చైనా నుంచి వచ్చిన శరణార్థులు. ప్రభుత్వం అక్కడే హెచ్ అక్షరం ఆకారంలో అంతస్తుల బ్లాకులు కట్టించింది. దయతోనా? కొంత ఉండొచ్చు. కానీ గుడిసెల కింద ఇరుక్కున్న నేల కూడా సర్కారుకి కావాలి కదా. జనాన్ని నిలువుగా పేరిస్తే నేల ఖాళీ అవుతుంది.

కింద దుకాణాలు, పైన కాపురాలు. కాగితం మీద అంతే. 1960లకల్లా ఆ కాపురాల్లోకి ప్లాస్టిక్ పూలు వచ్చాయి. రేకలు, ఆకులు, కాడలు ఫ్యాక్టరీలో అచ్చుపోసి సంచుల్లో ఇళ్లకి పంపేవారు. అమ్మా, అమ్మమ్మా, బడి నుంచి వచ్చిన పిల్లలూ కూర్చుని గుచ్చడమే పని. కూలీ గ్రోసు లెక్కన, అంటే 144కి ఇంత అని. నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఇళ్లు చూసినవాళ్లకి ఇదేం కొత్త కాదు: ఒళ్లో చేట, పక్కన చంటిపిల్ల, వెయ్యి బీడీలకి ఇంత.

లీ కా-షింగ్ సంపదకి తొలి మెట్టు ఈ పూలే. 1967లో నగరాన్ని కుదిపేసిన అల్లర్లు మొదలైందీ శాన్ పో కాంగ్‌లోని ఒక ప్లాస్టిక్ పూల ఫ్యాక్టరీ గొడవతోనే. ఫ్యాక్టరీ కార్మికుడు కనీసం గేటు ముందు నిలబడగలడు. మంచం మీద కూర్చుని రేకలు గుచ్చే ఆమె ఎవరి గేటు ముందు నిలబడాలి?

చౌక అద్దె నిజానికి యజమానులకిచ్చిన సబ్సిడీ అని మాన్యుయెల్ కాస్టెల్స్ వాదించాడు: ఇంటిఖర్చు తగ్గితే జీతం తక్కువున్నా బతుకు నడుస్తుంది. నాకది సబబుగానే ఉంది. దానికి ఇంకో ముక్క కలుపుతాను. ఇంటిపని కూలీల విషయంలో షెడ్డు అద్దె కూడా ఫ్యాక్టరీ కట్టలేదు, అద్దెకున్నామె కట్టింది.

అలాగని నియమాలన్నీ దుర్మార్గం అనను. మంటలకి భయపడి కట్టిన గదిలో ప్లాస్టిక్ సంచులు నింపితే పక్కింటివాళ్లు నిద్రెలా పోతారు? వరండా అందరిదీ. కాకపోతే బాధ్యత అనే మాట ఎప్పుడూ అద్దెకున్నవాళ్ల వైపే చూస్తుంది, సంచి పంపినవాడి వైపు చూడదు.

సార్స్ తర్వాత 2003లో పబ్లిక్ హౌసింగ్‌లో మార్కుల పద్ధతి తెచ్చారు. రెండేళ్లలో 16 తప్పు మార్కులు పడితే ఖాళీ చేయమని నోటీసు. ఇంటిని తిండిపదార్థాల ఫ్యాక్టరీగా వాడటం ఆ తప్పుల జాబితాలో ఉంది.

పాత బ్లాకుల్లో ఒకటి, మే హో హౌస్, ఇంకా నిలిచి ఉంది. 2013 నుంచి అది యూత్ హాస్టల్, కింద చిన్న మ్యూజియం. ఇప్పుడు ఆ గదుల్ని రాత్రికింత అని పర్యాటకులకి అద్దెకిస్తున్నారు.