పడుగు, గంజి, కర్బనము

చీరాల, వేటపాలెము, మంగళగిరి మొదలగు నేతయూళ్ళలో తెల్లవారక మునుపే వీథి పొడవున గుంజలు పాతి, వానిమీద పడుగు సాచి, బియ్యపు గంజిలో ఇంచుక నూనె కలిపి, పోగు పోగునకును పట్టునట్లు కుంచెతో దువ్వుచు ముందునకును వెనుకకును నడచిన సాలెకుటుంబముల శ్రమను గూర్చి మన చరిత్రకారులు వ్రాసినది స్వల్పము. అంచును వర్ణించినవారున్నారు, అద్దకమును మెచ్చినవారున్నారు. గంజిని మెచ్చినవారు అరుదు. అయినను, నేడు విమానములకు రెక్కలను, క్షిపణులకు ముక్కులను సమకూర్చుచున్న కర్బనతంతువుల విద్యను కొంత తరచి చూచినవారికి, అందలి ప్రధానసమస్య ఈ వీథులలో పూర్వమే మరియొక రూపమున ఎదురైనదని తోపక మానదు. దారమెంత గట్టిదైనను, తన్ను చుట్టియుండు పదార్థముతో దానికి పొత్తు కుదరనిచో ఆ గట్టితనము అక్కరకు రాదనుటయే ఆ సమస్య.

గుంటూరు మండలపు నల్లరేగడిలో పూర్వము పండిన దేశవాళి పత్తి, వర్తకులు ‘కోకనాడ’ అని వ్యవహరించినది, కొంచెము ఎరుపుచాయ గలది, పింజ పొట్టిది. పొట్టి పింజల మెలికయే నూలు గనుక, పడుగు మగ్గమునకెక్కి పన్నెలో వేలమారులు రాపిడి పడునప్పుడు నూగు లేచి, పోగులొండొంటిని పెనవేసికొని తెగును. గంజి ఆ నూగును అణచి, పింజను పింజకు అంటించును. గంజి పలుచనైనచో నూలు రేగును. చిక్కనైనచో పోగు బిరుసెక్కి పుటుక్కున తెగును. ఎండ ముదిరిన పిమ్మట పెట్టినచో, తడి త్వరగా ఆరి పోగులు జతలు జతలుగా అతుక్కొనును. కావుననే వేకువపని. ముసురు పట్టిన దినములలో పడుగు వీథికెక్కదు, మగ్గమాడదు, కూలి రాదు.

ఈ తీరమున నేతయు, బట్టల వర్తకమును ఎంత ప్రాచీనమో చెప్పుటకు మోటుపల్లి రేవు చాలును. తుపానునకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును పాలకులు కొల్లగొను దురాచారమును మాన్పి, నియతమైన సుంకము మాత్రమే గైకొందునని కాకతీయ గణపతిదేవుడు 1244–45 ప్రాంతమున అచ్చట అభయశాసనము వేయించెను. రుద్రమదేవి కాలపు ముచ్చటలను వ్రాసిన మార్కో పోలో, ఈ రాజ్యపు వస్త్రములు సాలెపట్టును తలపింపజేయునంతటి సన్ననివని కొనియాడెను. అతడు గంజిమాట ఎత్తలేదు. కాని యంతటి సన్నని పడుగు గంజి లేక మగ్గముపై నిలువదని పనివారెవ్వరైన చెప్పగలరు. పిమ్మట 1606లో డచ్చివారును, 1611లో ఇంగ్లీషువారును నిజాంపట్నమునకు చేరిరి. వారి కన్ను బట్టలమీదనే కాక, ఆ ప్రాంతపు ఇసుకనేలలలో దొరకు చిరివేరు ఎరుపుమీదను పడినది.

ఆ ఎరుపును నూలునకు పట్టించు విద్యయే చీరాల తేలియా రుమాలు. నూలును నూనెలోను, ఆముదపుకాయల బూడిద నానవేసిన క్షారజలములోను పక్షము దినములకు పైబడి ముంచుచు, పిసుకుచు, ఎండబెట్టుచు ఉందురు. పిదప పటిక పట్టించి రంగులో దింపినచో, ఆ రంగు ఉతుకులకు లొంగదు. చిరివేరులోని సారమగు ఎలిజరినును 1869 నాటికి జర్మనీ రసాయనికులు కృత్రిమముగా తయారుచేయగా వేరు మూలబడినది గాని, నూనెపని మాత్రము మానలేదు. అరబ్బులును, ఆఫ్రికావారును తలకు చుట్టుకొనిన ఆ రుమాళ్ళ కమ్మనూనె వాసన సముద్రములు దాటినది. గంజి పోగును కాపాడును. నూనెయు క్షారమును పోగు స్వభావమునే మార్చి, పరపదార్థమునకు అందు చోటు కల్పించును. ఈ రెండు పనులకును గల భేదమును పాఠకులు గుర్తుంచుకొనవలయును.

కర్బనతంతువునకు మూలపురుషుడు పత్తిదారమే యన్నచో కొందరు నమ్మకపోవచ్చును. 1879 ప్రాంతమున ఇంగ్లండులో స్వానును, అమెరికాలో ఎడిసనును విద్యుద్దీపము కొరకు నూలుదారమును గాలి సోకకుండ మాడ్చి కర్బనముగా మార్చిరి. ఆ తీగ వెలుగు నిచ్చినది గాని బరువు మోయలేదు. 1958లో అమెరికాలో రోజర్ బేకను అత్యంతదృఢమగు గ్రాఫైటు తంతువులను కనుగొనిన పిదపను, 1961లో జపానుదేశీయుడగు షిండో పాలియాక్రిలోనైట్రైలు నుండి తంతువును తీసిన పిదపను, ఇంగ్లండునందలి ఫార్న్‌బరోలో దాని బలమును పెంచిన పిదపను గాని అది ఉక్కుతో పోటీకి రాలేదు. మన హైదరాబాదులోనే అగ్ని క్షిపణికై సాధించిన తేలిక పదార్థముతో, నిమ్సు ఆసుపత్రిలో 3 కిలోల ఇనుపకట్లు మోయుచున్న పిల్లలకు 300 గ్రాముల కట్లు చేయించితిమని క్షిపణి శాస్త్రజ్ఞులు అబ్దుల్ కలాముగారు పలుమారులు చెప్పిరి. క్షిపణి ప్రయోగముకంటె ఈ ప్రయోగమే నాకు మిన్నగా తోచును.

ఈ తంతువు వ్యాసము సుమారు 7 మైక్రానులు. నున్నని దీని ఒంటికి ఎపాక్సీ జిగురు సులువుగా అంటదు. అందుచే ముందు విద్యుత్తుతో దాని ఉపరితలమును ఆక్సీకరించి, పిదప పలుచని పూత పూయుదురు; చేతులలోను యంత్రములలోను నలుగకుండ కాచునదియు, జిగురుతో పొత్తు కలుపునదియు ఆ పూతయే. ఇట్టి తంతువుల పొరలను జిగురుతో అతికి చేసిన పలక తంతువుల దిశగా మహాబలిష్ఠము. పొరకును పొరకును నడుమ మాత్రము జిగురే గాని తంతువు లేదు. పనిముట్టొకటి జారి మీద పడిన, పైకేమియు కానరాకయే లోపల పొరలు విడిపోవచ్చును. 1991లో ఇయిజిమా వర్ణించి లోకప్రసిద్ధి కలిగించిన కార్బన్ నానోట్యూబులు, అనగా తంతువుకంటె వందల, వేల రెట్లు సన్ననివగు గొట్టములు, ఈ బలహీనస్థలమునకే ఉద్దేశింపబడినవి. జిగురులో చీలిక బయలుదేరినప్పుడు అవి దాని రెండంచులను పట్టి, తాము ఊడివచ్చులోపల దాని వేగమును హరించును.

కాని కలుపుటయే కష్టము. నూటికి ఒక పాలైనను కలుపకముందే జిగురు చిక్కబడి పొరలలోనికి దిగదు. గొట్టములు ఉండలు కట్టును. ఉండ కట్టినచోట బలము పెరుగుటకు మారు చీలికకు దారి యేర్పడును. జిగురులో కలుపుట మాని తంతువుమీదనే వానిని పెంచు ప్రయత్నమును 2002లో డెలవేరు విశ్వవిద్యాలయమునకు చెందిన థోస్టెన్సన్, చౌ ప్రభృతులు ప్రకటించిరి. అందును చిక్కు లేకపోలేదు: పెంచుటకు వలయు ఇనుము, నికెలు కణములును, తీవ్రమైన వేడియును తంతువునే తినివేయవచ్చును. పూతలోనే గొట్టములను కలిపి పూయుట మెత్తని మార్గము.

చీరాల గంజి బట్ట నేసిన పిదప ఉతుకులో పోవును. దాని పని మగ్గముతో సరి. కర్బనతంతువు పూత పలకలోనే నిలిచి, పలక విరుగు వరకును పనిచేయును. కావున, చేయువిధమున నానోట్యూబుల పూత గంజికి చుట్టమే యైనను, పనిలో అది తేలియా రుమాలువారి నూనెకే దగ్గరయని నా యభిప్రాయము.