పాశమైలారంలో ఓడ ఇంజను

పటాన్‌చెరు నుంచి సముద్రం చూడాలంటే ఏ దారిన వెళ్లినా మూడు వందల కిలోమీటర్ల పైమాటే. అయినా 1990ల్లో మా దగ్గర కొన్ని ఫ్యాక్టరీ షెడ్లలో ఓడల్లోంచి దించిన డీజిల్ ఇంజన్లు నడిచాయి. వాటి ప్యానెళ్లు విప్పి, కాలిన రిలేలు మార్చి బతికినవాళ్లలో నేనొకణ్ణి. ఈ పారిశ్రామికవాడ గురించి రాసేవాళ్లు భూముల గురించి రాస్తారు, మందుల కంపెనీల గురించి రాస్తారు, కాలుష్యం గురించి రాస్తారు. అవన్నీ రాయాల్సినవే. కరెంటు పోయిన ప్రతిసారీ ఈ వాడను నిలబెట్టిన జనరేటర్ మెకానిక్కుల గురించి మాత్రం నాకు ఒక్క పేజీ కూడా కనపడలేదు.

రామచంద్రపురంలో బీహెచ్ఈఎల్ 1960ల్లో వచ్చింది. 1972లో పటాన్‌చెరు పక్కనే పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వెలిసింది. 1973లో ప్రభుత్వ పారిశ్రామికవాడల సంస్థ ఏపీఐఐసీ ఏర్పడ్డాక జొన్న చేలు, చెరువుల కింది వరి మళ్లు ప్లాట్లుగా మారడం మొదలైంది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచారు. ఆ తర్వాత ఈ వైపు ఫ్యాక్టరీల రాక వేగం పుంజుకుంది. 1984లో ఎద్దుమైలారంలో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ, 1985లో పటాన్‌చెరులో ఏషియన్ పెయింట్స్ వచ్చాయి. బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పని నేర్చిన కెమిస్టులు బయటికొచ్చి సొంతంగా బల్క్ డ్రగ్ యూనిట్లు పెట్టారు. అక్కడ పనిచేసిన అంజిరెడ్డి గారు 1984లో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ తొలి అడుగులు పడింది బొల్లారంలోనే. బొల్లారం, పాశమైలారం, ఖాజీపల్లి, గడ్డపోతారం, జిన్నారం: ఊరి పేర్లన్నీ క్రమంగా ఫ్యాక్టరీల చిరునామాలైపోయాయి.

ఫ్యాక్టరీలు వచ్చినంత తొందరగా కరెంటు రాలేదు. ఎండాకాలం కోతలు, వానాకాలం బ్రేక్‌డౌన్లు. రేకుల షెడ్డులో లేత్ మెషిన్ నడుపుకునేవాడికి కరెంటు పోతే గంట కూలి పోతుంది. బల్క్ డ్రగ్ యూనిట్‌కు అలా కాదు. రియాక్టర్‌లో మందు తయారవుతున్నప్పుడు లోపల వేడి పుడుతూనే ఉంటుంది. స్టిర్రర్ తిరగాలి, చుట్టూ చల్లని ఉప్పునీరు (బ్రైన్) పారాలి. రెండూ ఒక్కసారే ఆగితే వేడి బయటికి పోయే దారి ఉండదు, లోపల ప్రెషర్ లేస్తుంది. ఒక్కోసారి బ్యాచ్ మాత్రమే పాడవుతుంది, ఒక్కోసారి మనుషులే పోతారు. అందుకే ఆ యూనిట్లకు జనరేటర్ ప్రాణంతో సమానం. కరెంటు పోయిన క్షణాల్లోనే అది అందుకోవాలి.

అలా పుట్టింది మా పని. నేర్పే బడి ఏదీ లేదు. ముంబై హైవే పక్కన లారీ ఇంజన్లు విప్పినవాళ్లు, రేడియోలు బాగుచేసినవాళ్లు, ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదివి బీహెచ్ఈఎల్‌లో అప్రెంటిస్ చేసి పర్మనెంట్ కానివాళ్లు కలిసి దీన్ని తయారుచేసుకున్నారు. మా ఉస్తాద్ మొదటి రకం, నేను మూడో రకం. ఇస్నాపూర్ చౌరస్తాలో ఒక రేకుల మడిగె, రెండు స్పానర్ సెట్లు, ఒక మల్టీమీటరు, గోడ మీద సుద్దతో రాసిన ఫ్యాక్టరీల ఫోన్ నంబర్లు: అదే మా ఆఫీసు. ఇంజన్ సామాన్లకు సికింద్రాబాద్ రాణిగంజ్, ప్యానెల్ సామాన్లకు కోఠి దగ్గరి ట్రూప్ బజార్. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి సామానుతో తిరిగొచ్చేవాళ్లం. పిలుపులు ఎక్కువగా రాత్రిళ్లే వచ్చేవి.

కరెంటు పోగానే ఇంజన్ తనంతట తానే లేవాలంటే ఏఎంఎఫ్ ప్యానెల్ ఉండాలి. ఆ ఇనుప పెట్టెలో పనంతా రిలేలది. అమెరికాలో జోసెఫ్ హెన్రీ 1835లో ప్రయోగించి చూపిన సూత్రమే అందులోనూ ఉన్నది. సన్నని తీగ చుట్టిన కాయిల్‌కు చిన్న కరెంటు ఇస్తే అది అయస్కాంతమై ఒక రేకును లాగుతుంది, ఆ రేకు చివరి పాయింట్లు కలిసి పెద్ద కరెంటుకు దారిస్తాయి. మెయిన్ కరెంటు పోయిందని ఒక రిలే చెబుతుంది, సెల్ఫ్ మోటారు తిప్పమని మరొకటి, ఆయిల్ ప్రెషర్ తగ్గితే ఆపేయమని ఇంకొకటి. ఇరవై టన్నుల ఇంజన్ కూడా అగ్గిపెట్టెంత వస్తువు మాట మీద నడుస్తుంది, ఆగుతుంది. మాకు వచ్చిన పిలుపుల్లో ఎక్కువ భాగం ఇంజన్ లోపలివి కావు, ఈ పెట్టెలోవే.

ఇక ఓడ ఇంజన్ల సంగతి. గుజరాత్ తీరంలో అలంగ్ దగ్గర 1983లో ఓడలు విడగొట్టడం మొదలైంది. విడగొట్టిన ఓడలోంచి మంచాలు, కుర్చీల దాకా అన్నీ అమ్ముడవుతాయి. దీపాలకు, పంపులకు కరెంటిచ్చే సహాయక డీజిల్ ఇంజన్లు కూడా ఆల్టర్నేటర్‌తో సహా బయటికొస్తాయి. కొత్త జనరేటర్ కొనే స్తోమత లేని యజమానికి అవి పెద్ద ఆశ. పాశమైలారంలో ఒక చిన్న మందుల యూనిట్ సేటు అలాంటి ఆరు సిలిండర్ల జపాన్ ఇంజన్ కొన్నాడు. అది ముంబై రోడ్డు మీదుగా ట్రైలర్ మీద వచ్చింది. క్రేన్ దించుతుంటే పక్క ఫ్యాక్టరీల వాళ్లంతా గేట్ల దగ్గర నిలబడి చూశారు.

ఆ ఇంజన్ మాకు తెలిసిన లోకానిది కాదు. చాలా ఓడల్లో కరెంటు 60 హెర్ట్జ్, మన దేశంలో 50. నిమిషానికి 900 చుట్లు తిరగాల్సిన ఇంజన్‌ను 750కి దించాలి. గవర్నర్ సర్దాలి, వోల్టేజీ రెగ్యులేటర్ మళ్లీ సెట్ చేయాలి, వేగం తగ్గింది కాబట్టి లోడ్ కూడా తగ్గించుకోవాలి. సెల్ఫ్ మోటారు లేదు. స్టీలు సిలిండర్‌లో నింపిన గాలిని ఇంజన్‌లోకి వదిలితే ఆ తోపుకు అది తిరుగుతుంది.

వైరింగ్ ఇంకా వింత. లారీలో బ్యాటరీ నెగెటివ్ బాడీకి కలిపి ఉంటుంది, టెస్ట్ ల్యాంప్ ఒక కొస ఇంజన్‌కు తాకించి రెండో కొసతో సప్లై వెతకడం మా అందరి అలవాటు. ఓడలో అలా కుదరదు. ఉప్పునీటి మధ్య ఇనుప ఒంట్లో కరెంటు పారితే లోహాన్ని తినేస్తుంది. అందుకని ప్లస్, మైనస్ రెండూ బాడీకి తగలకుండా విడివిడి తీగల్లోనే పోతాయి. ఆ ప్యానెల్ మీద పక్కపక్కనే రెండు చిన్న దీపాలుండేవి, రెండూ సమానంగా మసకగా వెలగాలి. ఒకటి ఆరి రెండోది కాంతివంతంగా వెలిగిందంటే, ఆరిన వైపు తీగ ఎక్కడో ఇనుముకు తాకిందని లెక్క. టెస్ట్ ల్యాంప్ బాడీకి పెట్టి చూసి ‘సప్లై లేదు’ అని వెళ్లిపోయిన మెకానిక్కులున్నారు. సప్లై ఉంది, దాన్ని అడగాల్సిన తీరే వేరు.

అన్నిటికన్నా ముఖ్యమైన తేడా ఆపే పద్ధతిలో ఉంది. మన ఫ్యాక్టరీ జనరేటర్లలో చాలావాటికి డీజిల్ వాల్వ్ తెరిచి ఉంచడానికే కరెంటు కావాలి. ఏ తీగ తెగినా ఇంజన్ ఆగిపోతుంది. నేల మీద అదే క్షేమం. నడిసముద్రంలో తుపానులో ఉన్న ఓడకు ఇంజన్ ఆగడమే అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. అందుకని అక్కడ తలకిందులు: ఇంజన్ నడవడానికి కరెంటు అక్కర్లేదు, ఆపడానికే కావాలి. స్టాప్ బటన్ నొక్కితే రిలే లాగుతుంది, రిలే సోలినాయిడ్‌కు కరెంటిస్తుంది, సోలినాయిడ్ డీజిల్ మోతాదు మార్చే ర్యాక్‌ను సున్నాకు నెడుతుంది.

ఒక రాత్రి ఆ యూనిట్‌లో కరెంటు పోయింది. ఇంజన్ గాలికి తిరుగుతోంది, అంటుకోవడం లేదు. మేం చేరేసరికి గాలి సిలిండర్ సగానికి పైగా ఖాళీ. ఇంకో రెండుసార్లు ప్రయత్నించే గాలి ఉందంతే. పై అంతస్తులో షిఫ్టు కెమిస్టు రియాక్టర్ టెంపరేచర్ చదువుతూ కిందికి అరుస్తున్నాడు. హెల్పర్లు ఫిల్టర్లు విప్పడానికి స్పానర్లు పట్టుకున్నారు. ఉస్తాద్ వాళ్లను ఆపి డీజిల్ ర్యాక్ మీద టార్చి వేశాడు. అది సున్నా దగ్గర బిగిసి ఉంది. స్టాప్ సోలినాయిడ్ మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు, కాలిపోతోంది. స్టాప్ బటన్ ఎవరూ నొక్కలేదు.

‘‘తమ్మీ, ఆ రిలే పీకు’’ అన్నాడు.

‘‘కొత్తది లేదు ఉస్తాద్.’’

‘‘కొత్తదెందుకు? అది లేకుంటెనే ఇంజన్ నడుస్తది. పీకు!’’

పీకాను. ర్యాక్ టక్కుమని వదులైంది. ఉస్తాద్ గాలి వదిలాడు, ఇంజన్ అంటుకుంది. కరెంటు తిరిగొచ్చాక లివర్‌ను చేత్తో లాగి ఆపాం.

మర్నాడు ట్రూప్ బజార్‌కు నేనే వెళ్లాను. ఎనిమిది కాళ్ల రిలే అది, పాత రేడియో వాల్వులు కూర్చునే గుండ్రని బేస్ లాంటిదే దాని బేస్ కూడా. 2, 7 కాళ్లకు కాయిల్. ఒక జత పాయింట్లు 1, 3, 4 మీద, రెండో జత 8, 6, 5 మీద. కాయిల్ 24 వోల్టుల డీసీదా కాదా చూసుకోవాలి, ఏసీ కాయిల్ రిలే కూడా అచ్చం అలాగే ఉంటుంది. అంతకన్నా ముఖ్యం పాయింట్ల సామర్థ్యం. 250 వోల్టుల ఏసీకి 10 ఆంపియర్లు అని రాసి ఉన్నంత మాత్రాన డీసీ సోలినాయిడ్‌ను అంత మోయలేదు. ఏసీ సెకనుకు వంద సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి నిప్పురవ్వ దానంతటదే ఆరుతుంది. డీసీలో పాయింట్లు విడిపోతున్నా రవ్వ సాగుతూనే ఉంటుంది. సోలినాయిడ్ కాయిల్ ఆగేటప్పుడు ఎదురు వోల్టేజీ కొట్టి ఆ రవ్వను మరింత పెంచుతుంది. దాన్ని మింగడానికి కాయిల్‌కు అడ్డంగా ఒక డయోడ్ పెడతారు. మా ప్యానెల్‌లో ఆ డయోడ్ కాలు విరిగి ఉంది. అందుకే పాయింట్లు వెల్డయి అతుక్కుపోయాయి. రిలే మార్చి డయోడ్ వదిలేస్తే కొద్ది నెలల్లో అదే రాత్రి మళ్లీ వచ్చేది. కొచ్చిలో తయారయ్యే ఓఈఎన్ రిలే ఒకటి వేసి, కొత్త డయోడ్ కట్టి, ఇంకో రిలే దారంతో ప్యానెల్ లోపలే వేలాడదీశాం.

పాత రిలేను మడిగెలో విప్పి చూస్తే పాయింట్లు అతుక్కున్న చోటు తప్ప మిగతా వెండి అంతా నల్లగా ఉంది. కాయిల్ చివర్ల రాగి పచ్చబడింది. ఓడలో ఉప్పుగాలిని తట్టుకున్న ప్యానెల్‌ను పాశమైలారం గాలి తినేసింది. హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలితే వెండి నల్లబడుతుంది, ఆమ్లపు ఆవిర్లకు రాగి చిలుం పడుతుంది. బొల్లారంలో, ఖాజీపల్లిలో ఏ ప్యానెల్ విప్పినా ఇదే. ఊరవతల రుద్రారం వైపు అదే రకం రిలే అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ కాలం నిలిచేది. ఏ ఫ్యాక్టరీ పక్కన గాలి ఎలా ఉందో చెప్పడానికి మాకు యంత్రాలు అక్కర్లేకపోయేది. ఆ గాలి పీల్చినవాళ్ల కోసం, ఆ నీళ్లు తాగినవాళ్ల కోసం పటాన్‌చెరు డాక్టర్ అల్లాని కిషన్‌రావు గారు ఏళ్ల తరబడి కొట్లాడారు. నక్కవాగు, మంజీర వైపు పారిన వ్యర్థాల కేసు 1990లో సుప్రీంకోర్టుకు చేరింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు–బొల్లారాన్ని తీవ్రంగా కలుషితమైన ప్రాంతాల జాబితాలో పెట్టింది. మా మడిగె వెనక డబ్బాలో పడేసిన నల్ల పాయింట్ల రిలేలు ఆ జాబితా కన్నా చాలా ముందటివి.

మా పనికి అన్నిటికన్నా గిరాకీ ఉన్న కాలం 2011 నుంచి 2013 దాకా. 2011లో తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె 42 రోజులు సాగింది. సింగరేణి కార్మికులు కూడా దిగడంతో బొగ్గు ఆగి కోతలు పెరిగాయి. మరుసటి ఏడు పరిశ్రమలకు పవర్ హాలిడేలు వారానికి మూడు రోజుల దాకా పోయాయి. అత్యవసరానికి పెట్టుకున్న జనరేటర్లు పగలూ రాత్రీ నడిచాయి. 2013 జనవరిలో టోకుగా కొనేవాళ్లకు డీజిల్ మీద సబ్సిడీ తీసేశారు, చిన్న యూనిట్ల నడుము విరిగింది. తెల్లారేదాకా మా చేతులు ఖాళీ లేవు, కానీ మమ్మల్ని పిలిచిన యూనిట్లే ఒక్కొక్కటీ మూతపడుతుంటే ఆ సంపాదన మింగుడుపడలేదు.

2013 చివరి రోజున రాయచూరు–షోలాపూర్ లైను మీదుగా దక్షిణాది గ్రిడ్ దేశపు గ్రిడ్‌తో కలిసింది. 2014లో తెలంగాణ వచ్చాక పవర్ హాలిడేలు పోయాయి. కరెంటు నిలకడగా ఉండడం మంచిది, మా పిలుపులు తగ్గినా సరే ఈ మాట అంటాను. ఓడ ఇంజన్‌ను ఆ సేటు తుక్కుకు అమ్మేశాడు. 2023 జూలై నుంచి అమలైన కొత్త ఉద్గార నిబంధనలతో వచ్చే జనరేటర్లకు కంప్యూటర్లే కాపలా. లోపం ఎక్కడుందో తెర మీద కోడ్ వస్తుంది, కంపెనీ ఇంజనీరు ల్యాప్‌టాప్‌తో వస్తాడు. అయినా ఆ కంప్యూటర్ కంట్రోలర్ సెల్ఫ్ మోటారును నేరుగా తిప్పలేదు, మధ్యలో రిలే ఉండాల్సిందే. దాని పాయింట్లు నల్లబడితే తెర మీద వచ్చే కోడ్ ‘స్టార్ట్ కాలేదు’ అని మాత్రమే చెబుతుంది.

మా తరం వాళ్లకు మిగిలిన సంగతి ఒకటుంది, అది ఏ రికార్డులోకీ ఎక్కలేదు. జనరేటర్‌కు మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదన్న నిబంధన నోటిఫై అయింది 2002లో. అంతకుముందు శబ్దాన్ని అడ్డుకునే పెట్టె లేని ఇంజన్ల పక్కనే రాత్రంతా నిలబడ్డాం. ఉస్తాద్‌కు చివరి పదేళ్లు కుడి చెవి అసలు వినపడలేదు, నాకు ఎడమది మందం. శబ్దం వల్ల వచ్చే చెవుడు ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్‌లో ఉండిన జబ్బే. ఫ్యాక్టరీలో దాన్ని గుర్తించిన డాక్టరు అధికారులకు తెలపాల్సి ఉండేది. కానీ మేం ఏ ఫ్యాక్టరీ మస్టర్‌లోనూ లేం. పిలిస్తే వచ్చి, పని చేసి, చీటీ మీద సంతకం పెట్టి వెళ్లినవాళ్లం. ఈ వాడలో ఇప్పుడు లిఫ్టుల దగ్గర, సోలార్ ప్యానెళ్ల దగ్గర, డీజీ రూముల్లో కాంట్రాక్టు మీద తిరుగుతున్న పిల్లలదీ అదే స్థితి. వాళ్ల పేర్లు మస్టర్‌లోకి ఎక్కించమని, ఏడాదికోసారి చెవుల పరీక్ష చేయించమని నేను కలిసిన ప్రతి మేనేజర్‌నూ అడుగుతున్నాను. ఇద్దరు ఒప్పుకున్నారు.